పదిహేనులో పట్టిన పదహారున్నర

ఆర్విడ్ టోలెఫ్సన్ పుట్టినప్పుడు నర్సు అతన్ని తూచి ఏడు పౌన్లు అన్నదట. పసిగుడ్డు త్రాసు ముల్లు కేసి ఒకసారి చూసి, అప్పుడు గానీ ఏడవలేదట. ఈ మాట చెప్పింది ఎల్రాయ్ కెస్లర్. ఎల్రాయ్ చెప్పినదాంట్లో సగం తీసి పారేసి, మిగిలిన సగాన్ని రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, అప్పుడు నమ్మాలి. కానీ ఈ ఒక్క మాటను మాత్రం హెగ్‌టన్‌లో అందరూ పచ్చిగానే నమ్మేశారు. ఆర్విడ్ సంగతి వాళ్ళకు తెలుసు.

ఆర్విడ్ డజను గుడ్లు కొంటే అట్టపెట్టె తెరిచి పన్నెండూ లెక్కపెట్టేవాడు. మంగలి చెవుల మీద జుట్టు సమంగా తీశాడో లేదో ఇంటికి వెళ్ళి అద్దం ముందు స్కేలు పెట్టి చూసుకునేవాడు. అతను అనుమానించనిది లోకంలో ఒక్కటే, అచ్చులో ఉన్న మాట. వార్తాపత్రిక కాదు సుమా, వస్తువుతో పాటు వచ్చే పుస్తకం. తన కారు తాలూకు పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ముందు సీటు ఎదుటి అరలో, బైబిలుకు ఇచ్చేంత మర్యాద ఇచ్చి దాచుకున్నాడు. నాలుగు తలుపుల కారు, బూడిద రంగు, కొని ఆరేళ్ళు. ఆ పుస్తకం రెండు వందల పద్నాలుగో పేజీలో ఉంది: పెట్రోలు ట్యాంకులో పట్టేది పదిహేను గ్యాలన్లు.

ఉత్తర డకోటాలో హెగ్‌టన్ అనే ఆ ఊళ్ళో ఉన్నది రెండు వందల పదకొండు మంది, రెండు లూథరన్ చర్చిలు, ఒకే ఒక్క పెట్రోలు బంకు. ఆ బంకు ఎల్రాయ్‌ది. బయట రెండు పంపులు, లోపల ఒక బల్ల. బల్ల పక్క గోడకు వరసగా మేకులు, మేకుకొక కప్పు, కప్పుకొక పేరు. పొద్దున్న తొమ్మిదింటికి ముసలాళ్ళంతా చేరి, తోలు గిన్నెలో పాచికలు వేసి గిలకొట్టి, ఓడినవాడి ఖర్చు మీద కాఫీ తాగుతారు. కథలు ఎల్రాయ్ చెబుతాడు. వాళ్ళ తాత ట్రాక్టరు ఒకసారి కిరసనాయిలు అయిపోయాక, వట్టి డబ్బా వాసన మీద మూడెకరాలు దున్నిందట. చివర్న డబ్బాకు మూత పెట్టేశారు కాబట్టి ఆగింది గానీ, లేకపోతే ఇంకా దున్నుతూనే ఉండేదట.

ఎల్రాయ్‌కి ఒక అలవాటు ఉంది. అబద్ధాలన్నీ తనకు ఇష్టమైనవాళ్ళ మీదే అల్లుతాడు. గిట్టనివాళ్ళ గురించి నిజాలు మాత్రమే చెబుతాడు. అందుకని ఆ ఊళ్ళో ఎవరి మీదైనా ఎల్రాయ్ కథ కట్టాడంటే అది వాళ్ళకు పతకం ఇచ్చినట్టు. ఆర్విడ్ మీద అలాంటివి నలభై దాకా ఉన్నాయి. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. ఆర్విడ్ పెళ్ళికి తోడుపెళ్ళికొడుకుగా పక్కన నిలబడింది ఎల్రాయే.

అక్టోబరులో ఒకరోజు ఆర్విడ్, భార్య ఆర్డిస్‌ను మైనాట్‌లో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి తిరిగి వస్తున్నాడు. పెట్రోలు ముల్లు సున్నా దాటి కిందికి వాలిపోయింది. దారిలో ఉన్న బంకుల్లో ఎక్కడా ఆగలేదు. ఆ బంకులవాళ్ళ ముఖాలు అతనికి తెలియవు మరి. కారు ఎట్లాగో ఎల్రాయ్ పంపు దాకా వచ్చి ఆగింది.

పెట్రోలు పోసుకోవడంలో ఆర్విడ్‌కు ఒక పద్ధతి ఉంది. వాళ్ళ నాన్న నేర్పింది, దుమ్ము తుఫాన్ల కరువు కాలంనాటిది. పంపు టక్కుమని ఆగిపోగానే అందరూ గొట్టం తీసేస్తారు. ఆర్విడ్‌కు అసలు పని అప్పుడే మొదలవుతుంది. మళ్ళీ నొక్కుతాడు. టక్కుమంటుంది. తుంటితో కారును నాలుగుసార్లు కుదుపుతాడు, లోపల దాగిన గాలి బుడగలు బయటికి రావాలని. మళ్ళీ నొక్కుతాడు. టక్కు. మళ్ళీ కుదుపు. మూతి దగ్గర పెట్రోలు మెరిసేదాకా ఇదే వరస. లోపల కూర్చున్న ఆర్డిస్ టక్కు వినగానే ఫ్లాస్కు మూత బిగించి, తలుపు పిడి పట్టుకుంటుంది.

ఆ రోజు అంతా అయ్యాక ఆర్విడ్ మీటరు కేసి చూశాడు. పదహారు పాయింటు అయిదు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. పుస్తకం బయటికి తీశాడు.

"ఆర్డిస్, ఒకసారి దిగు. ఆ అంకె చదువు."

"కళ్ళలో చుక్కలేసి పంపారు నాకు. పదహారున్నర లాగుంది."

"లాగుండటం కాదు, పదహారున్నరే. ఇప్పుడు ఈ పేజీ చదువు."

"పదిహేను. అయితే?"

"అయితే ఏంటి! పదిహేను పట్టేదాంట్లో పదహారున్నర ఎట్లా పట్టిందీ?"

ఆర్డిస్ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "నీ ప్యాంటు మీద నడుము నలభై అని రాసుంది. నువ్వు పట్టడంలా?"

ఆర్విడ్ నవ్వలేదు. కిటికీలోంచి బంకు లోపలికి చూశాడు. ఎల్రాయ్ రెండు చేతులూ బారజాపి ఎవరికో చేప పొడుగు చూపిస్తున్నాడు. ఆ చేతుల మధ్య దూరాన్ని ఆర్విడ్ కంటితోనే కొలిచాడు. చేపను అంత చాపేవాడు గ్యాలనును చాపడా?

అంతే, ఆ రోజు నుంచి అతనికి తిండి సయించలేదు. సాక్ష్యాలు ఒకటొకటే కూడటం మొదలైంది. కారు షెడ్డులోకి వెళితే గుప్పున పెట్రోలు వాసన. ఎన్నాళ్ళ నుంచో వస్తున్నదే, కానీ ఇప్పుడు అందులో ఎల్రాయ్ కనిపించాడు. పెట్రోలులో ఏదో కలుపుతున్నాడు, అందుకే ఇంత కంపు! కారు ముందు పలక మీద, ఏదో చెడిందని చెప్పే పసుపు దీపం ఒకటి మూడేళ్ళుగా వెలుగుతోంది. ఆ దీపం అబద్ధమాడుతోందని అప్పట్లోనే తీర్పు చెప్పి ఆర్విడ్ దానిమీద నల్ల టేపు అంటించాడు. ఇప్పుడు టేపు కొస ఎత్తి చూశాడు. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. 'నువ్వూ ఎల్రాయ్ మనిషివేనా?' అన్నట్టు చూసి మళ్ళీ అంటించాడు.

అసలైన పరీక్ష ఇంకొకటి ఉంది. మళ్ళీ ముల్లు సున్నాకు వచ్చేదాకా తిరిగి, ముప్ఫై ఎనిమిది మైళ్ళ అవతల ఉన్న పెద్ద ఊరికి వెళ్ళి, అక్కడి కొత్త బంకులో పోసుకున్నాడు. పంపు టక్కుమంది. ఆర్విడ్ మళ్ళీ నొక్కి, తుంటి ఆనించాడో లేదో, పైన మైకులోంచి ఒక అమ్మాయి గొంతు ఊరంతా వినపడేట్టు అరిచింది.

"నాలుగో పంపు దగ్గర పెద్దాయనా! టక్కుమన్నాక ఆపెయ్యాలండీ! కారును ఊపకండి!"

పక్క పంపుల దగ్గరివాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆర్విడ్ చెవులు ఎర్రబడ్డాయి. గబగబా గొట్టం తగిలించి మీటరు చూశాడు. పద్నాలుగు పాయింటు మూడు. పుస్తకంలో ఉన్నదానికి లోపలే! అవమానం సంగతే మరిచిపోయాడు. ఇక్కడ పద్నాలుగూ చిల్లర, అక్కడ పదహారున్నర. అదే కారు, అదే ట్యాంకు, అదే ముల్లు. మారింది పంపు ఒక్కటే. దొంగ దొరికాడు.

"దొరికాడు సరే, ఏం చేస్తావు?" అంది ఆర్డిస్, ఇంటికి వచ్చాక.

"తూనికలు కొలతల వాళ్ళకు ఉత్తరం రాస్తా."

"వాళ్ళు వచ్చి పంపు వాడొద్దని ఎర్ర చీటీ అంటిస్తే? కొత్త పంపులు పెట్టే ఓపిక నాకు లేదు, అట్లాంటిదే వస్తే తాళమేసి చేపలు పట్టుకుంటా అని ఎల్రాయ్ ఎన్నిసార్లు అన్లేదూ? అప్పుడు ఊరు ఊరంతా ముప్ఫై ఎనిమిది మైళ్ళు పోవాలి పెట్రోలుకు."

"దొంగతనం దొంగతనమే."

"మన పెళ్ళిలో ఉంగరం జేబులో పెట్టుకుని నిలబడ్డ మనిషి, ఆర్విడ్."

"ఆ రోజు ఉంగరం ఇవ్వడానికి ఎంతసేపు వెతికాడో గుర్తుందా? అప్పుడే అనుకున్నా."

ఆర్డిస్ లేచి సూప్ వడ్డించింది. గిన్నెలో పిండి ఉండలు మాత్రం అతనికి రోజూ కంటే రెండు తక్కువ వేసింది. అతను లెక్కపెడతాడని ఆమెకు తెలుసు.

ఉత్తరం రాయడానికి ఆర్విడ్‌కు నాలుగు రోజులు పట్టింది. మొదట పేరు లేకుండా రాశాడు. పేరులేని ఉత్తరం చదివితే తనకే అనుమానం వస్తుంది కదా అని చింపి, సంతకంతో మళ్ళీ రాశాడు. పోస్టు పెట్టెలో వేసేముందు అరగంట చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నిజమైతే ఎల్రాయ్ బంకు పోతుంది. అబద్ధమైతే ఎల్రాయ్ స్నేహం పోతుంది. రెండింట్లో ఏది తేలినా ఆ బల్ల దగ్గర తన కప్పు మిగలదు. చివరికి ఉత్తరాన్ని వదిలాడు. అది పెట్టె అడుగున పడ్డ చప్పుడు కూడా తనను తిట్టినట్టే వినిపించింది.

ఆ తరవాత అతను కాఫీకి వెళ్ళలేదు. ఆ వైపు రోడ్ల మీద ఒక మర్యాద ఉంది. ఎదురుగా బండి వస్తే స్టీరింగు మీది చెయ్యి తియ్యకుండా చూపుడు వేలు ఒక్కటే పైకి లేపుతారు. ముక్కూ మొహం తెలియనివాడికైనా సరే. ఎల్రాయ్ తన చిన్న లారీలో ఎదురై వేలు లేపితే, ఆర్విడ్ తన వేలితో ముక్కు గోక్కున్నాడు. రెండోసారి చెవి గోక్కున్నాడు. మూడోసారి ఎల్రాయ్ లారీ ఆపి అద్దం దించాడు.

"ఒరేయ్ ఆర్విడ్! ఒళ్ళంతా దురదలేంట్రా? కోళ్ళ గూట్లో పడుకుంటున్నావా?"

"పని ఉంది," అని ఆర్విడ్ కారు పోనిచ్చాడు. అద్దంలో చూస్తే ఎల్రాయ్ లారీ ఇంకా అక్కడే, రోడ్డు మధ్యలో ఆగి ఉంది.

నవంబరు మొదటి వారంలో తెల్ల వ్యాను ఒకటి బంకు ముందు ఆగింది. అందులోంచి దిగిన ఇన్‌స్పెక్టరు పేరు కార్లిస్ బ్రెక్కె. నలభై ఏళ్ళ ఆవిడ, మగవాళ్ళ బూట్లు, నవ్వని మూతి. కబురు తెలిసి ఆర్విడ్ ఇంట్లో కూర్చోలేకపోయాడు. ఆర్డిస్‌ను ఎక్కించుకుని, పెట్రోలు కోసం వచ్చినట్టు వచ్చి, కారు పక్కన నిలబడ్డాడు. అప్పటికే కాఫీ బల్ల మొత్తం కప్పులతో సహా బయటికి వచ్చేసింది.

ఇన్‌స్పెక్టరు వ్యానులోంచి స్టీలు పాత్ర దించింది. సరిగ్గా అయిదు గ్యాలన్లు పట్టేది, సన్నటి మెడ, మెడకు గాజు కిటికీ, దాని మీద గీతలు. మధ్య గీత సున్నా. పంపు మీటరు అయిదు చూపించేదాకా అందులోకి పట్టింది. మోకాలి మీద కూర్చుని గాజులోకి చూసింది. పాత్ర ఒంపేసి మళ్ళీ పట్టింది. మళ్ళీ చూసింది. మూడోసారి కూడా.

ఎల్రాయ్ టోపీ తీసి చేతుల్లో తిప్పుతున్నాడు. 

"తప్పే చూపిస్తోంది," అంది ఇన్‌స్పెక్టరు లేచి.

ఆర్విడ్ గుండె ఒక్కసారి పైకి లేచింది. లేచాక ఎందుకో సంతోషం మాత్రం రాలేదు.

"అయిదు గ్యాలన్లకు అరకప్పు ఎక్కువ పోస్తోంది మీ పంపు. గీత దాటి పైకి వస్తోంది, మీరే చూడండి. ఎన్నేళ్ళుగా పోస్తోందో! మెకానిక్‌ను పిలిచి సరిచేయించుకోండి. పది రోజులు గడువిస్తున్నా."

"ఎక్కువా!" అన్నాడు గేలెన్, గోధుమ రైతు, బల్ల దగ్గర ఎల్రాయ్ పక్క కుర్చీవాడు. "ఒరేయ్ ఎల్రాయ్, మాకందరికీ ఊరికే పెట్రోలు పోస్తున్నావటరా ఇన్నాళ్ళూ!"

అందరూ గొల్లుమన్నారు. ఆర్విడ్ నవ్వలేదు. అతని బుర్రలో లెక్క గిర్రున తిరుగుతోంది. పంపు ఎక్కువ పోస్తుంటే, పదహారున్నర అంటే పదహారున్నర కూడా కాదు, ఆ పైన ఇంకో కప్పున్నర! లెక్క నోట్లోంచి దానంతటదే బయటపడింది.

"అదెట్లా కుదురుతుంది! పదిహేనులో పదహారున్నర పట్టడమే అన్యాయమని రాశాను, ఇప్పుడు అంతకంటే ఎక్కువ పట్టిందంటారా?"

నవ్వులు ఆగిపోయాయి.  ఎల్రాయ్ మెల్లగా ఇటు తిరిగాడు.

"రాసింది నువ్వా?"

ఆర్విడ్ తల దించాడు. "నేనే."

ఎల్రాయ్ టోపీ పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు మాత్రం ఆర్విడ్ కారు కేసి నడిచింది. "మీరు ఎట్లా పోసుకుంటారో చూపించండి."

చూపించక తప్పలేదు. టక్కు. నొక్కు. తుంటి. టక్కు. నొక్కు. లోపల ఆర్డిస్ తలుపు పిడి పట్టుకుని ఊగింది. నాలుగో కుదుపుకు ఇన్‌స్పెక్టరు చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలు. పుస్తకంలో రాసేది టక్కుమనేదాకా పట్టేదండీ. దాని పైన కొంత ఖాళీ కావాలనే వదులుతారు. పెట్రోలు వేడికి ఉబ్బుతుంది, ఉబ్బడానికి చోటుండాలి. ఆ పైన మూతి దాకా గొట్టం ఉంది. మీరు ఆ ఖాళీనీ నింపారు, గొట్టాన్నీ నింపారు, ఆవిరి పీల్చుకునే బొగ్గు డబ్బా ఒకటుంటుంది, దాన్ని కూడా పెట్రోలులో ముంచారు. కారు వాసనొస్తుందా?"

ఆర్విడ్ ఆకాశం కేసి చూశాడు. సమాధానం కారు లోపలి నుంచి వచ్చింది.

"వస్తుంది," అంది ఆర్డిస్.

"పసుపు దీపం వెలుగుతోందా?"

"టేపు కింద వెలుగుతోంది."

ఎవరికో నవ్వు తన్నుకొచ్చి కాఫీ పొరబోయింది. ఎల్రాయ్ మాత్రం నవ్వలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఇక ఆర్విడ్‌కు గడ్డు రోజులు వచ్చాయి. ఇన్నాళ్ళూ అతను లోకాన్ని అనుమానించాడు, ఇప్పుడు లోకం తనను ఏమనుకుంటోందో అని అనుమానించాల్సి వచ్చింది. ఎల్రాయ్ లారీ ఎదురైతే ఈసారి ఆర్విడ్ వేలు లేపాడు, ఒకటి కాదు, చెయ్యంతా లేపాడు. ఎల్రాయ్ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి వెళ్ళిపోయాడు.

వారం తరవాత ధాన్యం గోదాం దగ్గర గేలెన్ కనబడితే ఆర్విడ్ అడిగాడు.

"నా గురించి ఏమైనా అంటున్నాడా?"

"అంటున్నాడు."

"ఏమని? కథలు కడుతున్నాడా? ఎంత ఘోరమైనా సరే చెప్పు."

గేలెన్ జాలిగా చూశాడు. "'ఆర్విడ్ ఉత్తరం రాశాడు' అన్నాడు. అంతే."

 వట్టి నిజం. ఒక్క ముక్క కూడా కలపలేదు. అరవై ఏళ్ళలో ఎల్రాయ్ తన గురించి మొదటిసారి నిజం చెప్పాడు.

పంపు మెకానిక్ వచ్చి వెళ్ళాడు. ఆర్విడ్ కారుకు కొత్త బొగ్గు డబ్బా పెట్టించాడు. వాసన పోయింది. టేపు పీకేస్తే దీపం నిజంగానే ఆరిపోయి ఉంది. నవంబరు చివర్లో, మొదటి మంచు పడ్డ మర్నాడు, తొమ్మిదింటికి, ఆర్డిస్ కాల్చిన ప్లమ్ కేకు సీటు మీద పెట్టుకుని బంకుకు వెళ్ళాడు. కిటికీ వెనక అందరి తలలూ కనిపిస్తున్నాయి. గొట్టం పెట్టాడు. టక్కుమంది. వేళ్ళు వాటంతటవే బిగుసుకున్నాయి. తుంటి దురద పెట్టింది. వాళ్ళ నాన్న సమాధిలోంచి 'ఇంకా పడుతుందిరా' అంటున్నట్టనిపించింది. పళ్ళు బిగబట్టి గొట్టం తీసి తగిలించాడు. మీటరు చూడకుండా లోపలికి నడిచాడు. మీటరు చూడకుండా నడవడం అతని బతుకులో అదే మొదలు.

ముందు గోడ చూశాడు. గేలెన్ పేరున్న కప్పు. పక్కన ఖాళీ మేకు. అది తనదే. కప్పు లేదు.

"కేకు పంపింది ఆర్డిస్," అని కేకు బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

"ఆగు," అన్నాడు ఎల్రాయ్.

గల్లా కింది నుంచి ఆర్విడ్ కప్పు తీశాడు. కప్పు లోపల, అంచుకు వేలెడు కింద, ఎర్ర రంగుతో గీత గీసి ఉంది. బల్ల మీద పెట్టి కాఫీ పోశాడు. గీత దగ్గర ఆగి నోటితో "టక్కు" అన్నాడు. మళ్ళీ పోశాడు. "టక్కు." తుంటితో బల్లను కుదిపాడు. మళ్ళీ పోశాడు. కాఫీ అంచు దాటి గుమ్మటంలా ఉబ్బి, పడదామా వద్దా అన్నట్టు వణుకుతూ నిలిచింది.

ఎల్రాయ్ బల్ల వైపు తిరిగాడు. "మీకు తెలీదు గానీ, వీడు మొన్న ఇక్కడ పెట్రోలు పోస్తుంటే నా భూమిలోపలి ట్యాంకు అడుగంటింది. ఇంకో ట్యాంకరు తెప్పించా, అదీ అయిపోయింది. నాకు అనుమానం వచ్చి వీడి కారు ట్యాంకులోకి తొంగిచూస్తే, లోపల వీళ్ళ నాన్న పడవ వేసుకుని చేపలు పడుతున్నాడు!"

బల్ల దద్దరిల్లింది. ఆర్విడ్ కళ్ళు చెమర్చాయి. కప్పు ఎత్తితే ఒలుకుతుందని నడుము వంచి, మూతి కప్పుకు ఆనించి ఒక గుక్క జుర్రాడు. చప్పరించాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఒరేయ్ ఎల్రాయ్," అన్నాడు మెల్లగా, "ఈ డికాషనులో నీళ్ళు ఎన్ని కప్పులు కలిపావురా?"